పొగవెంట వచ్చి పొలమున నిలుచు లోహములు

మన పొలములో మనము వేసిన దేమో మన లెక్కలో నుండును. పశువుల పెంట ఎన్ని బండ్లు తోలితిమి, యూరియా ఎన్ని బస్తాలు చల్లితిమి, అందుకై సంఘమునకు ఎంత బాకీపడితిమి అను సంగతులు చదువురాని రైతునకు గూడ కంఠస్థములే. కాని మనము తోలకుండగనే, మన యనుమతి లేకుండగనే, గాలి తెచ్చి మన పొలమున దింపిపోవు సరకొకటి గలదు. దానికి లెక్క వ్రాయువారు లేరు. ఆ సరకును గుఱించి యీ నెల సభ్యులకు కొంత మనవి చేయదలచితిని. ఇందులో నా తప్పొకటి గలదు గావున దానితోనే మొదలు పెట్టుచున్నాను.

2019వ సంవత్సరము పుష్యమాసమున నేను ప్రదర్శనక్షేత్రములు చూచుచు, మన సభ్యులలో నొక పెద్దరైతు పొలమునకు పోయితిని. వారి పేరుగాని ఊరి పేరుగాని వ్రాయుట వారి కిష్టము లేదు. ఆయనకు బావిక్రింద ఎకరమున్నర తోటభూమి గలదు. తోటకూర, పాలకూర, మెంతికూర, కొత్తిమీర పండించి వేకువనే పట్టణపు బజారునకు పంపును. ఆ చేనికి ఈశాన్యమున, రెండు గట్ల కవతల, ఎవ్వరో యొక రేకుల కొట్టము వేసి, పాత బ్యాటరీలను పగులగొట్టి, లోపలి సీసపు పలకలను రాత్రివేళ కరగించుచుండిరి. తెల్లవారునప్పటికి పొగ కనబడెడిది కాదు.

రైతు నన్ను పిలిచినది పొగను గుఱించి కాదు, గేదెదూడను గుఱించి. దానికి చూపు పోయినది. పండ్లు పటపట కొఱుకుచు, తలను గోడకు మోపి త్రోయుచు, మూడవనాడు చచ్చినది. ఇంకొక దూడ కూడ మేత మానినది. మేత యెచ్చటిదని యడుగగా, కొట్టమువైపు గట్టుమీద కోసిన పచ్చగడ్డి యని చెప్పెను. పశువులు నా విద్య కాదు. నేను కూరమళ్ళు పరిశీలించితిని. ఆకు ముదురుపచ్చగ నిగనిగలాడుచుండెను. ఎచ్చటను మచ్చగాని, అంచుమాడుట గాని లేదు. పైరు ఇంత ఏపుగ నున్నప్పుడు నేలలో దోషమేమియు నుండదని ధైర్యము చెప్పి వచ్చితిని. ఇరువది సంవత్సరములు ఈ పనిలో నున్నవాడను. అయినను నేను చెప్పినది తప్పు.

పశువైద్యుడు దూడ మూత్రపిండమును, కాలేయమును పరీక్షకు పంపగా సీసపు విషమని తేలినది. ఆ మాట తెలిసిన పిమ్మట పెద్దరైతు నాతో, “మొక్క పచ్చగనే యున్నదని తమరే సెలవిచ్చితిరి గదా, అయ్యా! గడ్డియు పచ్చగనే యుండెను. దూడ చచ్చినది. ఆ కూర పట్టణములో ఏ పిల్లలు తినుచున్నారో!” అనెను. నాకు సమాధానము తోచలేదు. ఆ పిమ్మట చదివి, అడిగి, తెలిసికొన్నదంతయు ఈ వ్యాసముగ వ్రాయుచున్నాను.

మొదట తెలియవలసినది, లోహము గాలిలోని కెట్లు పోవును అనునది. సీసము 327 డిగ్రీల వేడిమికే కరగును. తుత్తునాగము, అనగా వరిలో ఆకు తుప్పుపట్టినట్లగునపుడు మనము సల్ఫేటురూపమున చల్లు జింకు, 907 డిగ్రీలకు మరిగి ఆవిరియగును. దాని ఖనిజములో నెప్పుడును కొలదిగ కలిసియుండు కాడ్మియమను లోహము అంతకు ముందే, 767 డిగ్రీలకే, ఆవిరియై పోవును. కొలిమి వెడలినంతనే ఈ ఆవిరి చల్లబడి, కంటి కగపడనంత సన్నని ధూళిగ మాఱును. ముతక రేణువులు కొలిమిదగ్గఱనే రాలును. సన్ననివి కోసులకొలది పోయి, మంచుతోనో వానతోనో దిగును. పొగగొట్టము ఎత్తు పెంచినచో దగ్గఱి పొలమునకు కొంత మేలు. దూరపు పొలమునకు కొంత కీడు. గొట్టము ఎత్తైనందున లోహము తఱుగదు.

ఆకు మాడ్చునది పొగలోని గంధకపు వాయువు. అది కనబడు శత్రువు. రైతు వెంటనే గుర్తించి తగవు పెట్టుకొనును. లోహము కనబడదు. సామాన్యముగ మనుష్యునకు, పశువునకు హాని చేయు మోతాదు మొక్కకు హాని చేయు మోతాదుకంటె చాల తక్కువ. నేను మోసపోయిన దిచ్చటనే.

రెండవది, ఇది కుళ్ళునది కాదు. పురుగుమందులలో పెక్కు ఎండకు, సూక్ష్మజీవులకు కొంత కాలమునకైన విఱిగి పోవును. సీసము విఱుగదు, సీసము సీసముగనే యుండును. ఒక చిన్న లెక్క వేసి చూతము. ఎకరము నేలలో నాగలి పాఱునంత లోతు మట్టి సుమారు 900 టన్నులు తూగును. ఆ మట్టిలో కిలోకు ఒక్క మిల్లీగ్రాము కాడ్మియము పెరిగినదనగా, ఎకరమునకు 900 గ్రాములు దిగినదన్నమాట. ఇక దానిని పంటద్వారా తీసివేయుదమన్నచో, ఎకరమునకు 25 క్వింటాళ్ళ బియ్యము పండి, ఆ బియ్యములో కిలోకు 0.4 మిల్లీగ్రాముల కాడ్మియమున్నను (అంతర్జాతీయ ఆహార ప్రమాణమగు కోడెక్సు బియ్యమున కొప్పుకొను గరిష్ఠ పరిమాణ మదియే), ఆ పంటతో వెడలిపోవునది ఒక్క గ్రాము. ఏటికి రెండు పంటల చొప్పున 450 సంవత్సరములు పట్టును! అదియు, ఆ బియ్యమును ఎవ్వరో తినవలసియుండును. ఎకరమున కొక గ్రాము ఎంతలే యని తలచువారు ఈ లెక్కను మఱల నొకమాఱు చదువవలెను.

బ్యాటరీల కొట్టము చిన్న సంగతి. ఇట్టిదే చాల పెద్దయెత్తున యూరపు ఖండమున జరిగినది. అచ్చటివారు దాని ఫలమును తరములతరబడి అనుభవించుటయేగాక, నేలను, కూరను, మనుష్యులను పరీక్షించి వివరముగ వ్రాసిపెట్టిరి గావున మనకు పనికివచ్చును.

బెల్జియము, నెదర్లాండ్సు దేశముల సరిహద్దున కెంపెన్ అను ప్రాంతము గలదు. అది ఇసుకనేల, బీదనేల, స్వభావముచేతనే పులిసిన నేల. 19వ శతాబ్దపు చివర అచ్చట తుత్తునాగపు కర్మాగారములు వెలసినవి. నెదర్లాండ్సు వైపు బుదెల్‌లో 1892లో ఒకటి స్థాపింపబడెను. బెల్జియము వైపు బాలెన్, ఓవర్‌పెల్ట్, లొమ్మెల్ ఊళ్ళలో మఱికొన్ని లేచెను. ఆనాటి పద్ధతి యేమనగా, ఖనిజమును కాల్చి, బొగ్గుపొడితో కలిపి, మట్టిమూసలలో కూరి, మూసలను వేడిచేసి, ఆవిరియై వచ్చు తుత్తునాగమును చల్లార్చి పట్టుకొనుట. తుత్తునాగమును పట్టుకొనిరిగాని, ముందే ఆవిరియగు కాడ్మియములో చాలభాగము పొగతో ఎగిరిపోయెను. తుత్తునాగమును, సీసమును గూడ కొంత దానివెంట పోయినవి. ఈ పని ఇంచుమించు 80 సంవత్సరములు సాగినది. 1970 దశకములో మూసలు పోయి, విద్యుత్తుచే లోహమును వేఱుచేయు పద్ధతి వచ్చినది. బుదెల్‌లో ఈ మార్పు 1973లో జరిగెను. పొగ చాలవఱకు శుభ్రపడినది. నేల శుభ్రపడలేదు.

అచ్చట గాలి తఱచు నైరుతినుండి వీచును గావున, కర్మాగారములకు ఈశాన్యమున నున్న భూములకు పాలు హెచ్చుగ వచ్చినది. లొమ్మెల్ దగ్గఱ మాట్‌హైదె యను చోట 135 హెక్టారుల నేల గడ్డిపోచ మొలవక ఇసుక ఎడారి యైనది. కాని రైతునకు అపాయమైనది ఆ ఎడారి కాదు. ఎడారిని చూచి యెవ్వడును కూర నాటడు. దానికి కొంత దూరమున, పైరు బాగుగ నెదుగుచు, పెరటిలో కాబేజీయు, సెలెరీయు, క్యారటును పచ్చగ పెరుగుచున్న ఊళ్ళలోనే అపాయము దాగియుండెను.

బెల్జియము వైద్యులు 1985 మొదలు 1989 వఱకు ప్రజల మూత్రమును పరీక్షించి, ఎవరి దేహమున ఎంత కాడ్మియము చేరినదో కొలిచిరి. పెరటి మట్టిలో కాడ్మియము హెచ్చుగనున్న పేటలలో కూరలలో గూడ అది హెచ్చు. ఆ కూర తిన్నవారి దేహమునను హెచ్చు. ఈ మూడును ఒకదానివెంట నొకటి నడచినవి. కాడ్మియము మూత్రపిండములలో చేరి, దశాబ్దముల కొలది కదలక కూర్చుండును. 1999లో ప్రకటించిన ఫలితములలో, కాడ్మియము హెచ్చుగ చేరిన స్త్రీలకు ఎముకలు విఱుగుట గూడ హెచ్చని తేలినది. కర్మాగారపు గడప ఎన్నడును త్రొక్కని గృహిణులు వీరు.

ఇంకొక సంగతి చెప్పక తప్పదు. ఆ కర్మాగారముల చిట్టెమును, బూడిదను ఉచితముగ ఇచ్చుచుండగా, ఊరివారే బండ్లతో తెచ్చుకొని బాటలమీదను, వాకిళ్ళలోను పఱచుకొనిరి. బురద పోయినదని సంతోషించిరి. ఊరక వచ్చిన చిట్టెమును మోసికొనిపోయి కళ్ళములో పఱచుట మన ఊళ్ళలోను నేను చూచియున్నాను. మా పెద్దరైతు చేనిగట్టున బండి త్రోవ గుంతలు పూడ్చినది ఆ కొట్టపు చిట్టెముతోనే.

కెంపెన్‌లో ఏమి చేసిరి? కొన్ని పెరళ్ళలో పైమట్టి తీసి క్రొత్తమట్టి పోసిరి. కాని వందలాది చదరపు కిలోమీటర్ల నేలను ఎత్తి యెక్కడ పోయగలరు? కావున పొలములయందు వేఱు మార్గము త్రొక్కిరి. లోహమును తీయలేకపోయినను, దానిని మొక్క వేరు అందుకొనకుండ కట్టివేయవచ్చును. పులిసిన నేలలో కాడ్మియము నీటిలో కరగి వేరునకు దొరకును; సున్నము వేసి పులుపు విఱిచినచో మట్టిరేణువుల నంటిపెట్టుకొని యుండును. కావున అచ్చటి రైతులకు నేల పులుపు తగ్గించి యుంచుడని, సేంద్రియపుటెరువు విరివిగ వేయుడని, కాడ్మియమును హెచ్చుగ పీల్చు ఆకుకూరలు మానుడని బోధించిరి. మాట్‌హైదె ఎడారిలో 1990లో మూడు హెక్టారులమీద బెరింగైటు అను బూడిదవంటి పదార్థమును, కంపోస్టును కలిపి, లోహమును తట్టుకొను గడ్డి విత్తిరి. బెరింగైటు ఏదోకాదు, బొగ్గుగనులలో పాఱవేసిన రాతిబొగ్గు తుక్కును కాల్చగా మిగిలినది. గడ్డి మొలిచినది, పదేండ్ల పిమ్మటను నిలిచినది. లోహము అచ్చటనే యున్నది. కాని గాలికి ఎగురుటయు, నీటికి దిగుటయు తగ్గినది. తరువాత హాసెల్ట్ విశ్వవిద్యాలయమువారు అట్టి నేలలలో మొక్కజొన్న పండించి, మనుష్యులకుగాని పశువులకుగాని పెట్టక, పులియబెట్టి వంటగ్యాసు వంటి వాయువు తీయుటకు ప్రయోగములు చేసిరి. రైతు నేలను బీడుపెట్టకుండ కొంతైన రాబడి చూపించుట వారి యుద్దేశము. ఇది నాకు మిక్కిలి నచ్చినది. నీ నేల చెడినది, దానిని విడిచిపొమ్మని రైతుతో ననుట సులభము. పోయి యేమి తినవలెనో చెప్పువారు అరుదు.

కొలిమి దగ్గఱలేనివారికి ఈ బాధ లేదని తలపవలదు. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ క్షేత్రమున 1843వ సంవత్సరమునుండి పరీక్షలు సాగుచున్నవి. ఆ నాటినుండియు నేల మట్టిని సీసాలలో పోసి, తేదీ వ్రాసి, దాచియుంచిరి. ఏ ప్రయోజనమునకో తెలియకయే దాచిన ఆ మట్టిని, 1980 దశకములో కాడ్మియమునకై పరీక్షింపగా, ఎరువు ఏమియు వేయని మళ్ళలో గూడ 1850 దశకముకంటె నాలుగవవంతు మొదలు సగమునకు పైగ పెరిగినట్లు కనబడినది. ఆ క్షేత్రముప్రక్కన లోహపు కర్మాగారము లేదు. అంతయు గాలి తెచ్చినదే.

సీసమునకు వచ్చినచో, కొలిమికంటె మోటారుబండియే పెద్ద దోషి. ఇంజను తట్టకుండుటకై పెట్రోలులో సీసము కలుపుట అమెరికాలో 1923లో మొదలైనది. మన దేశమున 1995లో నాలుగు మహానగరములలో సీసములేని పెట్రోలు ప్రవేశించి, 2000వ సంవత్సరము ఫిబ్రవరి 1నుండి దేశమంతట సీసపు పెట్రోలు నిలిచిపోయినది. లోకమున కడపటి దేశము ఆల్జీరియా. అచ్చట 2021లో ఆగినది. అంతవఱకు ప్రతి బండియు రోడ్డున కిరుప్రక్కల వెదజల్లిన సీసము రోడ్డువార మట్టిలో, పైన నాలుగైదు అంగుళములలోనే, నేటికిని ఉన్నది. పాత ట్రంకురోడ్డు నానుకొని యున్న చేలలో, రోడ్డునకు దగ్గఱి నాలుగు సాళ్ళు ఆకుకూరకు వాడకుండుట మేలు. పత్తి వేయుడు, పూలు వేయుడు, చెట్లు నాటుడు. నాటిన చెట్లకంచె క్రొత్త ధూళిని గూడ కొంత ఆపును.

పొగను ఆపు సాధనము లేక కాదు. గుడ్డసంచులగుండ పొగను వడకట్టు యేర్పాటు కర్మాగారములలో నున్నది. అది యెంత ముఖ్యమో అమెరికాలోని ఐడహో రాష్ట్రపు కెలాగ్ పట్టణము చూపినది. అచ్చటి బంకర్ హిల్ సీసపు కర్మాగారమున 1973 సెప్టెంబరులో సంచులగది కాలిపోయినది. బాగుచేయువఱకు పని ఆపక, నెలలతరబడి పొగను వడకట్టకయే వదలిరి. మఱుసటి యేట మైలులోపలి పిల్లల రక్తమును పరీక్షింపగా ఇంచుమించు అందఱిలోను సీసము మితిమీఱి యుండెను. పిల్లవాని రక్తమున సీసము ఇంతవఱకు ఉండవచ్చునని చెప్పదగిన నిరపాయమైన హద్దు లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ మతము. నేలమీద ఆడుకొను పిల్లవాడు కూరద్వారా కంటె చేతికంటిన ధూళిద్వారానే హెచ్చుగ సీసము తినును. కళ్ళములో పఱచిన చిట్టెమును గుఱించి పైన వ్రాసినది ఇందుకే.

ఇక మన నేలల సంగతి. నల్లరేగడి నేలలలో బంకమన్నును, సున్నపురాయియు సమృద్ధిగ నుండుటచే అవి లోహమును గట్టిగ పట్టియుంచును. కెంపెన్ నేలకు మన రేగడికి ఈ విషయమున పోలిక లేదు. ఇది మన యదృష్టము. ఎఱ్ఱచల్క నేలలు, ఇసుకపాలు హెచ్చైన నేలలు, ఏటేట అమ్మోనియము సల్ఫేటు వేయగా పులిసిన నేలలు మాత్రము కెంపెన్‌కు కొంత చుట్టఱికము గలవి. అట్టిచోట పి.హెచ్. చూపించి, తక్కువయైనచో లెక్కప్రకారము సున్నము వేయవలెను. జిప్సము వేసి సున్నము వేసితిమని తలచు సభ్యులు కొందఱున్నారు. జిప్సము చౌడునకు మందు, వేరుసెనగకు బలము; పులుపునకు మందు కాదు. రేగడికి సున్నము వేయనే కూడదు. వేసినచో జింకు, ఇనుము మొక్కకందక ఆకు పాలిపోవును.

పంటలలోను భేదము గలదు. సీసమును వేరు అంతగ పైకి పంపదు. ఆకుకూరలలో దొరకునది చాలవఱకు ఆకుపై వ్రాలిన ధూళియే. కావున రెండుమూడు నీళ్ళలో జాడించి కడిగినచో చాలభాగము పోవును. అంతయు పోవునని చెప్పజాలను. కాడ్మియము అట్లు కాదు. అది ఆకులోపలికే చేరును. ఎన్నిమాఱులు కడిగినను పోదు. పాలకూర వంటి ఆకులు దానిని హెచ్చుగ పీల్చును. ముల్లంగి, క్యారటు వంటి దుంపలు అంతకు తరువాత. వంకాయ, బెండ, బీర, సొర వంటి కాయలలోను, చిక్కుడు జాతులలోను సామాన్యముగ తక్కువ. పొగాకు ఆకుకూడ కాడ్మియమును పీల్చుటలో ప్రసిద్ధి గన్నది. చుట్ట త్రాగువారి దేహమున నది హెచ్చుగ నుండుటకు కారణ మిదియే. పొగాకు పండించు జిల్లాలవారికి ఈ మాట రుచింపదని యెఱుగుదును.

వరిని గుఱించి జపానువారికి తెలిసినంత మఱి యెవ్వరికిని తెలియదు. అచ్చట గుమ్మా మండలపు అన్నాకలోని తుత్తునాగపు కర్మాగారము పొగవలన మల్బరి తోటలును, వరిపొలములును చెడినవి. గనుల నీటివలన చెడిన పొలములు వేఱుగ నున్నవి. 1970లో వ్యవసాయభూములు చెడకుండ చట్టము చేసి, పలుచోట్ల చెడిన మట్టిపై మంచిమట్టి మోసి పోసి బాగుచేసిరి. అది సంపన్న దేశపు వైద్యము. రైతు చేయదగిన వైద్యము వారు చెప్పినది మఱొకటి గలదు: వెన్ను తీయుటకు మూడు వారములు ముందునుండి మూడు వారములు తరువాతవఱకు మడిలో నీరు ఆరనీయకుండ నిలిపినచో, కాడ్మియము గంధకముతో కలిసి కరగని రూపమున నేలలో నుండిపోవును. మడి ఆరినంతనే విడివడి గింజకు పోవును. కాని యిందులో నొక మెలిక గలదు. నీరు నిలిచిన మడిలో పాషాణము, అనగా ఆర్సెనికు, హెచ్చుగ గింజకెక్కును. రెండును గల నేలలో ఒకదానిని తప్పించుకొనబోయి రెండవదానిని తెచ్చుకొందుము. ఏది యున్నదో పరీక్షవలననే తెలియును.

పరీక్ష అనగానే సభ్యులు తమ భూసార కార్డు చూపించుచున్నారు. 2015నుండి ఇచ్చుచున్న ఈ కార్డులో నత్రజని, భాస్వరము, పొటాషు, గంధకము, జింకు మొదలైన 12 అంశములున్నవి. సీసము లేదు, కాడ్మియము లేదు. కార్డు బాగుండుటకును, నేలలో ఈ విషములు లేకుండుటకును సంబంధము లేదు. వీనికి వేఱుగ, వేఱు ప్రయోగశాలలో, వేఱు రుసుమిచ్చి చేయింపవలెను. ఒక్కడు భరింపజాలనిది గావున, ఒకే పొగక్రింద నున్న పదిమంది సభ్యులు కలిసి మట్టి నిచ్చుటయు, సంఘము ఖర్చు పెట్టుటయు ఉచితమని నా మనవి. మట్టి తీయునప్పుడు ఎప్పటివలె జానెడు గుంత త్రవ్విన చాలదు. దున్నని నేలలో పై రెండంగుళముల మట్టి వేఱుగ, దాని క్రిందిది వేఱుగ తీయుడు. గాలి దించిన లోహము పైననే యుండును. పొగకు దగ్గఱ నొకటి, దూరమున నొకటి, గాలికి ఎదురువైపున నొకటి తీసినచో, అపరాధి యెవ్వడో మట్టియే చెప్పును. జింకుపూతగల రేకుపార వాడవలదు. కఱ్ఱపుల్లతోనో ప్లాస్టిక్ గరిటెతోనో తీయుడు.

రామగుండము, పాల్వంచ, ఇబ్రహీంపట్నము, పరవాడ వంటి బొగ్గు విద్యుత్కేంద్రముల చుట్టుప్రక్కల సభ్యులు బూడిదను గుఱించి తఱచు అడుగుదురు. మన దేశపు బొగ్గులో బూడిద పాలు హెచ్చు. విద్యుదాకర్షణ యంత్రములు బూడిదను చాలవఱకు పట్టును; పాదరసము మాత్రము ఆవిరిగనుండి కొంత తప్పించుకొనును. ఎండాకాలమున బూడిదచెఱువు ఎండి గాలికి లేచినచో, యంత్రము పట్టినదంతయు వృథా. బూడిద కొన్ని నేలలకు మేలు చేయుననుట నిజమే. ఆ బూడిదలో ఏమున్నదో వ్రాతమూలకముగ చూపినవారివద్దనే తీసికొనుడు. పట్టణపు చెత్తకంపోస్టునకును ఇదే మాట. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారము అందులో కిలోకు కాడ్మియము 5 మిల్లీగ్రాములు, సీసము 100 మిల్లీగ్రాములు మించరాదు. భాస్వరపు ఎరువులలో గూడ రాతినిబట్టి కొంత కాడ్మియముండును. పొగను తిట్టుచు మన చేతులతో మనమే చల్లునది మఱవరాదు.

పాత బ్యాటరీలను అనుమతిలేక కరగించుట నేరము. 2001లో దీనికై నియమములేర్పడినవి. 2022లో వానిస్థానమున క్రొత్తవి వచ్చినవి. కాలుష్యనియంత్రణ మండలికి ఒక్క రైతు వ్రాసిన యర్జీ ఎచ్చట పోయినదో తెలియరాదు. పెద్దరైతు వ్రాసిన రెండు అర్జీలట్లే పోయినవి. మూడవది సంఘము తీర్మానముతో, పశువైద్యుని నివేదికతో, మట్టి పరీక్షతో పోయినది. అధికారులు వచ్చిరి. కొట్టము మూతపడినది, రేకులు విప్పుకొని వారు మఱియొక తాలూకాకు పోయిరని వింటిని. అచ్చటి సభ్యులు ఈ పంక్తి చదువుదురుగాక.

మట్టి పరీక్షలో గట్టువైపు సీసము హెచ్చుగను, దూరము పోయినకొలది తక్కువగను కనబడినది. బావి కీవలి మళ్ళు బాగున్నవి. నేనును పెద్దరైతును పగ్గముపట్టి చేనిని కొలిచి, మూడు భాగములు చేసితిమి. త్రోవమీది చిట్టెమును ఎత్తించి, మండలివారు చెప్పినచోటికి పంపించితిమి. గట్టునానుకొని పదునెనిమిది సాళ్ళు బంతిపూలు. వాని కీవల వంగ, బీర. ఆకుకూర యంతయు బావి కీవలికి మాఱినది. గట్టుగడ్డి కోయుట మానిరి. ఆకుకూర సగమునకు తగ్గినందున మొదటియేట ఆయనకు రాబడి తగ్గినమాట వాస్తవము. బంతిపూలు దసరాకు ధర పలికి కొంత పూడ్చినవి. రెండవ దూడ బ్రదికినది, ఇప్పుడు చూడికట్టియున్నది. దానికి ఒక కన్ను మాత్రము సరిగ కనబడదు. పాలేరు ఎడమప్రక్కనుండి పోయినచో బెదరును.